పదిహేడంగుళాల మెట్టు

ఆకలేస్తే తింటాం, నిద్రొస్తే పడుకుంటాం, ఓర్వలేనితనం వస్తే మాత్రం ఏం చెయ్యాలో మనకెవరూ నేర్పరు. టేపక్కకు అది యాభై రెండో ఏట వచ్చింది. ఆ వయసులో వచ్చే మోకాళ్ళ నొప్పికి మందుంది, చత్వారానికి అద్దాలున్నాయి, దీనికి ఏమీ లేదు. పైగా మోకాలు నొప్పి పుడితే పదిమందికీ చెప్పుకోవచ్చు. కడుపుమంట పుడితే కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేం.

టేపక్క దర్జీ. వీధివైపు గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక పొడుగాటి బల్ల, గోడ నిండా తగిలించిన బడిపిల్లల యూనిఫారాలు. పొద్దున లేచి మొహం కడుక్కున్న దగ్గర్నుంచీ ఆవిడ మెడలో టేపు ఉండాల్సిందే, భోజనానికి కూర్చున్నా తియ్యదు. ఒకసారి టేపు లేకుండా పాలకి వెళ్తే పాలవాడు గుర్తుపట్టలేదని వీధిలో ఒక కథ ఉంది. అబద్ధమని ఆవిడ అంటుంది, నిజమేనని ఆవిడ భర్త అంటాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పగలంతా కంటికి అద్దం బిగించుకుని చిన్న చిన్న చక్రాలతో కుస్తీ పడే మనిషికి అబద్ధాలాడేంత తీరిక ఎక్కడుంటుంది?

తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ అత్తగారు పద్నాలుగో నంబరు బస్సెక్కబోయి పడిపోయింది. అత్తగారి కూతురు ఇల్లు ఆ బస్సు వెళ్ళే దారిలో చిట్టచివరి స్టాపు దగ్గర. వారానికి రెండుసార్లు వెళ్ళి, కూతురింట్లో అన్నీ సరిదిద్ది, అల్లుడికి కాస్త భయం పెట్టి, సాయంత్రానికి తిరిగి రావడం ఆవిడకు అలవాటు. ఆ రోజు ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండోది పైకి లేవలేదు. తుంటి ఎముక విరిగింది. అతికాక ఇంట్లో, వీధిలో కర్ర పట్టుకుని నడిచేది గాని, బస్సు మెట్టు మాత్రం ఎక్కలేకపోయింది. టాక్సీలో తీసుకెళ్తామన్నా, ఎత్తి బస్సులో కూర్చోబెడతామన్నా ఒకటే మాట.

“మనిషినైతే నా కాళ్ళతో నేనెక్కుతా. సామానునైతే మీరే ఎక్కించండి. ఇంకా సామాను కాలేదు నేను.”

ఆవిడ పడినప్పుడు చుట్టుపక్కలవాళ్ళు తలా ఒకర్ని తిట్టారు. డ్రైవరునొకరు, రోడ్డునొకరు, ముసలితనాన్నొకరు, తలరాతనొకరు. టేపక్క ఎవర్నీ తిట్టలేదు. మర్నాడు స్టాపుకి వెళ్ళి, ఆగిన బస్సు దగ్గర వంగి, నేల నుంచి మొదటి మెట్టుకి టేపు పెట్టి చూసింది. పదిహేడు అంగుళాలు. ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గరున్న కుర్చీ కొలిచింది. అదీ పదిహేడే. అంటే అరవై తొమ్మిదేళ్ళ మనిషిని, చేతిలో సంచీతో, రోజూ కుర్చీ మీదకి ఎక్కమంటున్నారన్నమాట. ఆ సాయంత్రమే అర్జీ రాసి పడేసింది.

ఆరు నెలలకి జవాబొచ్చింది. ‘మా సిబ్బంది కొలవగా మెట్టు ఎత్తు పద్నాలుగున్నర అంగుళాలు మాత్రమే ఉన్నది. నిబంధనల మేరకు పదహారు వరకు ఉండవచ్చును. తమరు పేర్కొన్న కొలత వాస్తవ విరుద్ధము.’

ఏమన్నా అను గాని, దర్జీని కొలత తప్పన్నావంటే ఊరుకుంటుందా? స్టాపులో రోజంతా నిలబడింది. పొద్దున డిపో నుంచి ఖాళీగా వచ్చిన బస్సుకి పదిహేడే ఉంది. అదే బస్సు మధ్యాహ్నం కిక్కిరిసి వచ్చినప్పుడు కొలిస్తే పద్నాలుగున్నర! జనం నిండితే కింద స్ప్రింగులు నొక్కుకుపోయి బస్సే కిందికి దిగుతుందని అప్పుడు తెలిసింది. వాళ్ళూ అబద్ధమాడలేదు, ఈవిడా ఆడలేదు. కాకపోతే వాళ్ళు నిండు బస్సు కొలిచారు, ఈవిడ ఖాళీ బస్సు కొలిచింది. ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టింది. ప్రతి కొలత పక్కనా ఖాళీయో, సగమో, నిండో రాస్తుంది. టైరు కొత్తదో పాతదో రాస్తుంది. ఆ స్టాపులో రోడ్డు అంచు ఎంత కుంగిందో కూడా రాస్తుంది. తొమ్మిదేళ్ళలో తొంభై నాలుగు బస్సులు. ఒక్కో బస్సు కోసం ఒక్కో పూట పోయింది, ఒక్కో పూటకి ఒక యూనిఫారం ఆలస్యమైంది.

ఈ లోపల సంఘం కూడా ఏర్పడింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ప్లీడరు గారు, “ఒక్కరు రాస్తే గోడు, ఏడుగురు రాస్తే సంఘం” అని సలహా ఇచ్చారు. ఏడుగురు పోగయ్యారు. ‘ప్రజా రవాణా వాహన ప్రయాణికుల సౌకర్య సాధన సమితి’ అని పేరు పెట్టారు. బోర్డు రాయిస్తే కొట్టు ముందు గోడ చాల్లేదు. జనం మెట్టు సంఘం అన్నారు, అదే నిలిచింది.

సంఘం పనంటే జెండాలు పట్టుకుని అరవడం అనుకుంటారు చాలామంది. అరిచేది ఏడాదికి ఒక్కరోజు. మిగతా రోజులన్నీ కాగితాల వెంట తిరగడమే. ఏ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర ముద్ర వేస్తారు, ఏ గుమాస్తా టీ తాగి వచ్చాక మంచిగా ఉంటాడు, ఏ రవాణా కమిటీ సభ్యుడింట్లో మోకాళ్ళ నొప్పుల తల్లి ఉంది, ఇవన్నీ తెలియాలి. ఎముకల డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకోవాలి. పేపరువాడికి మూడు ముక్కల్లో విషయం చెప్పాలి, ఎందుకంటే నాలుగో ముక్క వాడు రాసుకోడు. ‘తమ అర్జీ పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబు ఒక రేకు డబ్బా నిండా పోగైంది. డబ్బా నిండితే ఇంకో డబ్బా తెచ్చుకోవాలి. ఇదంతా తొమ్మిదేళ్ళు టేపక్కే చేసింది. పొగిడినవాళ్ళు లేరు. ఆవిడా అప్పట్లో ఎదురుచూడలేదు, ఎందుకంటే పక్కన పొగడ్తలు తినేవాళ్ళు కూడా లేరు.

అప్పుడొచ్చింది కండక్టరమ్మ.

ఇరవై ఆరేళ్ళు బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. గొంతు విప్పితే వెనక సీటు దాకా వినిపిస్తుంది. చేరిన మొదటి మీటింగులోనే, “ఎత్తు మెట్లు ఎక్కలేక ఎంతమంది నా చెయ్యి పట్టుకుని లాగించుకున్నారో తెలుసా? నా కుడి భుజం పోయింది సంఘం కోసమే. సంఘం తర్వాత పుట్టిందంతే!” అంది. అందరూ ఒకటే నవ్వులు. టేపక్క కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక చూసుకుంటే, తొమ్మిదేళ్ళలో తను ఈ గదిలో ఎవర్నీ ఒక్కసారి కూడా నవ్వించలేదని గుర్తొచ్చింది.

మంట అక్కడ అంటుకుంది.

కండక్టరమ్మ ఈవిడకంటే ఏడేళ్ళు పెద్ద. అయినా అందరితో పాటు తనూ “అక్కా” అనేది. అది కూడా ఎక్కడో గుచ్చుకునేది. మూడో నెలలో ఆవిడ వడ్రంగి చేత ఒక చెక్కపెట్టె చేయించింది, సరిగ్గా పదిహేడు అంగుళాల ఎత్తు. బజారు మొగలో పెట్టి, ఒక చేతికి కూరల సంచీ ఇచ్చి, “ఎక్కండి చూద్దాం” అనేది. ఎక్కినవాళ్ళు అమ్మో అని మోకాలు పట్టుకునేవాళ్ళు. “మీ బస్సు మెట్టు ఇంతే ఎత్తు. ఇక్కడ సంతకం పెట్టండి” అనేది. వారంలో ఆరు వేల సంతకాలు వచ్చాయి. పేపర్లో ఫొటో వేశారు. ఒక కమిటీ సభ్యుడు సరదాగా ఎక్కబోయి ప్యాంటు చిరిగి, సిగ్గుతో మద్దతు ప్రకటించాడు. అంతకుముందు టేపక్క ఆయన గుమ్మం ముందు పదకొండుసార్లు నిలబడింది. ఆ ప్యాంటు కుట్టుకి ఆవిడ దగ్గరికే రావడం గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ రోజు రాయి తగిలినట్టు ఒకే మాట ఆవిడ తలలో తిరిగింది. ‘పదిహేడు ఎవరిది? ఆ అంకె నాది. నడుం వంచి, బురదలో మోకాలు ఆనించి నేను పట్టుకున్న అంకె.’ పెట్టె మీద ఆ అంకెని ఎర్రరంగుతో ఇంతలావున రాశారు. కింద పేరు మాత్రం ఎవరిదీ లేదు. పేరు లేకపోయినా జనానికి కనిపించేది పెట్టె పక్కన నిలబడ్డ మనిషే కదా.

ఇంట్లోనూ ఊరట లేదు. “ఆవిడలో ఏదో చురుకుంది సుమా” అన్నాడు భర్త ఒకరోజు అన్నం తింటూ.

“గడియారంలోనూ ఉంటుంది చురుకు. కీ ఇచ్చేవాళ్ళెవరో మాత్రం ఎవరికీ పట్టదు” అంది టేపక్క.

ఆయన కంటి అద్దం లేకుండా కూడా ఏదో చూశాడు గాని, మజ్జిగ కలుపుకున్నాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ సామెత చెప్పేవాళ్ళెవరూ చెవుల బాధ అడిగి ఉండరు.

ఆ ఏడు కొత్త బస్సులు కొంటున్నారని తెలిసింది. మొత్తం మూడు వందలు, రెండు విడతలు. మొదటి విడత నూట ఇరవై, ఒకటి నుంచి ఇరవై నంబర్ల దాకా తిరిగేవి. వాటి ఆర్డరు మీద ఆ నెలాఖరుకు సంతకాలు అయిపోతాయి. ఈ లోపల రవాణా కమిటీ ప్రజల వాదన వింటుంది. మెట్టు పన్నెండు అంగుళాలకు మించరాదని కమిటీ ఒప్పుకుంటే మూడు వందల బస్సులకీ వర్తిస్తుంది. తప్పితే, బస్సంటూ ఒకసారి రోడ్డెక్కితే పదిహేనేళ్ళు తిరుగుతుంది.

అత్తగారు వేళ్ళ మీద లెక్క వేసింది. “పదిహేనేళ్ళకి నాకు తొంభై మూడు. అప్పటికి నేను ఎక్కేది బస్సు కాదులే అమ్మాయ్. ఈ నెలలోనే తేల్చుకు రా” అంది.

సంఘానికి ఒక్కరే మాట్లాడాలి, పది నిమిషాలు. చేతులెత్తించారు. ముప్ఫై ఒక్క మందిలో ఇరవై తొమ్మిది చేతులు కండక్టరమ్మకి లేచాయి. కండక్టరమ్మ చెయ్యి టేపక్కకు లేచింది. టేపక్క చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, కండక్టరమ్మ కాగితాల కట్టతో కొట్టుకి వచ్చింది. రెండొందల బస్సుల కొలతల పట్టిక. డిపోలో పాత స్నేహితులు సాయం పట్టారట. రెండు రోజులు తెల్లవారుజామున, బస్సులు బయల్దేరకముందే, వరసగా కొలిచేశారట.

“ఒక్కసారి చూసిపెట్టండక్కా. రేపు ప్లీడరు గారికి ఇచ్చేస్తాను. కొలతల్లో మీకన్నా తెలిసినవాళ్ళెవరున్నారు?”

తొమ్మిదేళ్ళలో తొంభై నాలుగు. రెండు పొద్దుల్లో రెండొందలు. టేపక్క వేలు పట్టిక మీద కిందికి దిగుతోంది. పదిహేడు, పదిహేడు, పదహారు ముప్పావు, పదిహేడు. సగం పేజీ దాటాక వేలు ఆగిపోయింది. డిపోలో, బయల్దేరకముందు. అంటే అన్నీ ఖాళీ బస్సులే. ఆ మాట పట్టికలో ఎక్కడా రాయలేదు. ఒకప్పుడు తను పడ్డ గోతిలోనే ఈవిడ కాలు పెడుతోంది, అదీ పదిమంది చూస్తుండగా.

“ఏమైనా తప్పుందా?” అడిగింది కండక్టరమ్మ.

ఒక్క మాట చాలు. ‘ఇవన్నీ ఖాళీవి, నిండువి కూడా కావాలి’ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నిజం చెప్పొద్దూ, అప్పుడు టేపక్క కళ్ళ ముందు కమిటీ గది కనిపించింది. అందులో కండక్టరమ్మ తెల్లమొహం వేసుకుని నిలబడి ఉంది. ఆ బొమ్మ చూస్తే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

“లేదు. బాగుంది. దస్తూరి చాలా బాగుంది” అంది.

“మీ నోటుపుస్తకం కూడా జత చేద్దామా మరి?”

“అవి పాతవి. ఎందుకులెండి.”

కండక్టరమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది. టేపక్క ఆ సాయంత్రం ఒక చొక్కాకి ఎడమచెయ్యి కుడివైపు కుట్టింది. పాతికేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఆ తర్వాత పన్నెండు రోజులున్నాయి. చెప్పాలనుకుంటే ప్రతి రోజూ చెప్పొచ్చు. ఒకరోజు కండక్టరమ్మ ఇంటి సందు మొగ దాకా వెళ్ళింది కూడా. కిటికీలోంచి నవ్వులు వినిపించాయి, సంఘంవాళ్ళు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. మీటింగులు తన కొట్లో, నవ్వులు ఆవిడ ఇంట్లోనా? వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. అత్తగారి సంగతి గుర్తురాలేదా అంటే, వచ్చింది. కడుపుమంటలో ఉన్న విచిత్రం ఏమిటంటే, అది మన ఇంటి కప్పు అంటుకున్నా పక్కింటి పొగనే చూపిస్తుంది.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, తొమ్మిది మంది సభ్యులు, మధ్యలో అధ్యక్షుడు. ఒక పక్క రవాణా శాఖ ఇంజనీరు. ఎదురుగా సంఘంవాళ్ళకి రెండు వరసల కుర్చీలు. టేపక్క రెండో వరసలో కూర్చుంది. ఒళ్ళో చేతిసంచీ ఉంది, సంచీలో నోటుపుస్తకం ఉంది. ఎందుకు తెచ్చిందని అడిగితే ఊరికే అంటుంది. నాకు మాత్రం తెలుసు. కండక్టరమ్మ పడ్డాక లేవదీసే చెయ్యి తనదే కావాలని తెచ్చింది.

కండక్టరమ్మ అద్భుతంగా మాట్లాడింది. రోజుకి ఎంతమంది చెయ్యి పట్టుకుని లాగిందో, లాగలేక వదిలేసి వెళ్ళిన ముసలివాళ్ళు కిటికీలోంచి ఎలా కనిపించేవాళ్ళో చెప్పింది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పని అయిపోయిందనిపించింది. అప్పుడు ఇంజనీరు పట్టిక తిరగేశాడు.

“అమ్మా, ఈ కొలతలు ఖాళీ బస్సులవా, జనం ఉన్నవా?”

“డిపోలో తీసినవండి. ఖాళీవే.”

“జనం ఎక్కితే బస్సు రెండున్నర అంగుళాలు దిగుతుంది. మీరు పదిహేడన్నది నిజానికి పద్నాలుగున్నర. నిబంధన పదహారు. మరి సమస్యేముంది?”

వెనక సీటు దాకా వినిపించే గొంతు ముందు వరసకే వినిపించలేదు. “ఈ పట్టికను పరిగణించలేం” అన్నాడు అధ్యక్షుడు. సంఘంవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్లీడరు గారు తల పట్టుకున్నారు.

టేపక్కకు ఆ క్షణాన కలిగింది సంతోషమే. దానికి ఇంకో పేరు లేదు. ఒక గుటక మంచినీళ్ళంత చల్లగా దిగింది.

కండక్టరమ్మ వెనక్కి తిరిగింది. సరాసరి టేపక్క మొహంలోకి చూసింది, తర్వాత ఒళ్ళో సంచీ మీద బిగించిన చేతుల్ని చూసింది. ఆవిడకు అర్థమైంది. అర్థమైందని టేపక్కకీ అర్థమైంది.

“అయ్యా, తప్పు నాది” అంది కండక్టరమ్మ కమిటీ వైపు తిరిగి. “నిండు బస్సుల కొలతలు మా టేపక్క దగ్గరున్నాయి. తొమ్మిదేళ్ళవి. దయచేసి ఆవిణ్ణి మాట్లాడనివ్వండి.”

టేపక్క లేచింది. పుస్తకం తెరిచింది. ఏ బస్సు, ఏ రోజు, ఖాళీగా ఎంత, నిండితే ఎంత, రోడ్డు కుంగిన స్టాపులో ఎంత, వరసగా చదివింది. ఇంజనీరు, “నిండితే తగ్గుతుందని మీరే ఒప్పుకుంటున్నారుగా” అన్నాడు.

“తగ్గుతుందండీ. కానీ బస్సు నిండేది జనం ఎక్కాకే కదా? నిండకముందు ఎక్కేవాళ్ళ మాటేమిటి? మొదటి నాలుగు స్టాపుల్లో ఎక్కేవాళ్ళు మనుషులు కారా?”

గదిలో అందరూ నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వాడు. ఆవిడ జీవితంలో మొదటిసారి ఒక గదిని నవ్వించింది.

“ఇంత పకడ్బందీగా రాసిన పుస్తకం అర్జీతో పాటు ఎందుకు ఇవ్వలేదమ్మా?” అడిగాడు అధ్యక్షుడు.

టేపక్క పుస్తకం మూసింది.

“నాదే పొరపాటండీ. నేనే అడగలేదు” అంది కండక్టరమ్మ.

కమిటీ తీర్పు రెండు ముక్కల్లో వచ్చింది. పుస్తకంలోని వాదన బలంగా ఉంది, కానీ అది గడువులోపల దాఖలు కాలేదు. కాబట్టి శాఖవాళ్ళూ సంఘంవాళ్ళూ కలిసి మళ్ళీ కొలవాలి, అందుకు రెండు నెలలు. ఆ తర్వాతే నిబంధన. నెలాఖరు సంతకం ఎవరి కోసమూ ఆగదు.

బయట వరండాలో అందరూ టేపక్క చుట్టూ మూగారు. జనం సర్దుకున్నాక ఆవిడ కండక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“ఎందుకలా చెప్పారు? మీరు అడిగారు కదా.”

కండక్టరమ్మ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ అంది. “ఇరవై ఆరేళ్ళ సర్వీసక్కా. టికెట్టు కొనకుండా కూర్చున్నవాళ్ళు మొహం చూస్తే తెలిసిపోతారు. బస్సాపి అందరి ముందూ దింపేస్తే మిగతా జనానికి ఆలస్యం. అందుకని నేనెప్పుడూ ఆపేదాన్ని కాదు.”

ఆ మాట అని వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకి తిట్టు అప్పజెప్పి టేపక్క ఆ రాత్రికి హాయిగా నిద్రపోయేది.

రెండు నెలల కొలతలు అయ్యాయి. టేపక్కే ముందుండి కొలిపించింది. నిబంధన వచ్చింది, పన్నెండు అంగుళాలు. పేపర్లో టేపుతో సహా ఆవిడ ఫొటో వేశారు. ‘తొమ్మిదేళ్ళ దీక్ష’ అని రాశారు. కండక్టరమ్మ పేరు లేదు. ఉన్నదల్లా చివర ఒక్క వాక్యం, ‘సంఘంలోని ఒక సభ్యురాలి తప్పుడు కొలతల వల్ల మొదటి విడత బస్సులకు ఈ నిబంధన వర్తించకుండా పోయింది’ అని. సంఘంలో ఆ మాట ఇదివరకే పాకింది. కండక్టరమ్మ మీటింగులకి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటోంది. ఎవరైనా ఎత్తిపొడిస్తే, “అవును, తొందరపడ్డాను” అంటుంది. టేపక్కను అధ్యక్షురాలిని చేశారు. కొన్నాళ్ళుగా కోరుకున్నదంతా పళ్ళెంలో పెట్టి ఇచ్చారు, కానీ ఒక్క ముద్ద గొంతు దిగలేదు. వెనక కుర్చీలో ఆ మనిషి అంత నిబ్బరంగా ఎలా కూర్చుంటుంది? తను కష్టపడి తెచ్చుకున్న పేరుకంటే ఆవిడ ఊరికే పోగొట్టుకున్న పేరే పెద్దదిగా కనిపించేది. చివరికి మంచితనంలో కూడా ఆవిడదే పైచేయి అయ్యింది. ఈ మంట మొదటి మంటకంటే ఎక్కువ కాల్చింది.

పేపరు వచ్చిన పొద్దున, అత్తగారు కొడుకు దగ్గర కంటి అద్దం లాక్కుని వార్త అంతా అక్షరం అక్షరం చదివింది. టేపక్క మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

“ఫొటోలో నువ్వు బాగున్నావు అమ్మాయ్. మొదటి విడతంటే ఏ బస్సులు?”

“ఒకటి నుంచి ఇరవై నంబర్లు, అత్తయ్యా.”

అత్తగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “అయితే మన పద్నాలుగో నంబరు మెట్టు తగ్గదన్నమాట. సర్లే, నీ తప్పేముంది? నువ్వు తొమ్మిదేళ్ళు కష్టపడ్డావు. ఆ కండక్టరమ్మకి ఏం పోయిందో! కొలిచాక నీకొక్కసారి చూపించి ఉంటే, నా కూతురింటికి నా కాళ్ళతో నేను వెళ్ళేదాన్ని. ఒక్క మాట అడిగితే నోరు పడిపోతుందా ఆవిడకి?”

టేపక్క దారం పక్కన పెట్టింది. ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోమనే కదా కండక్టరమ్మ చెప్పి వెళ్ళింది. కానీ ఆ ఊరుకోవడం కూడా ఆవిడ పెట్టిన భిక్షే అనిపించింది. ఆ ఒక్కటీ ఆవిడ దగ్గర తీసుకోవడం టేపక్క వల్ల కాలేదు.

“అడిగింది, అత్తయ్యా. కొట్లో ఇదే కుర్చీలో కూర్చుని అడిగింది. పట్టిక చూపించింది, నా పుస్తకం కూడా ఇమ్మంది. తప్పు నాకు అప్పుడే కనిపించింది. నేనే చెప్పలేదు.”

అత్తగారు కంటి అద్దం తీసి కోడలి వైపు చూసింది. “ఎందుకని?”

పన్నెండు రోజులు, ఆ పైన రెండు నెలలు, లోపల టేపక్క ఎన్ని కారణాలు కూడబెట్టుకుందో లెక్కలేదు. నోరు తెరిస్తే బయటికి వచ్చింది ఒక్కటే.

“అందరూ ఆవిడ చుట్టూ చేరుతున్నారని.”

“అంతేనా?” అంది అత్తగారు.

“అంతే” అంది టేపక్క.